'టిక్' మనని రిలే: పాత యాంప్లిఫయర్‌ను బాగుచేయాలా, మార్చేయాలా?

ప్రశ్న: మా ఇంట్లో 1970ల చివరి నాటి స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. చానెల్‌కి 40 వాట్లు. కొన్ని నెలలుగా ఎడమ స్పీకరు మధ్యమధ్యలో ఆగిపోయేది, వాల్యూమ్ బాగా పెంచితే మళ్లీ పలికేది. ఇప్పుడు స్విచ్ వేస్తే లైటు వెలుగుతోంది గానీ, ఇదివరకు నాలుగైదు సెకన్లకు వినబడే 'టిక్' శబ్దం రావడం లేదు. పాటా లేదు. ఒక మెకానిక్ కెపాసిటర్లన్నీ మార్చాలన్నారు. ఇంకొకరు దీనిమీద డబ్బు తగలేయకుండా కొత్తది కొనుక్కోమన్నారు. నా దగ్గర మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి, డబ్బే తక్కువ. ఏం చేయమంటారు?

సమాధానం: ఇద్దరూ మీటరు పెట్టి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. ఏ భాగం పోయిందో తెలియకుండా 'బాగుచేద్దామా, మారుద్దామా' అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. పోయింది రిలే, అంటే కరెంటు ఇస్తే అయస్కాంతంలా లాగి పనిచేసే చిన్న స్విచ్ అయితే, దాని ఖర్చు మీరు లెక్కలో వేసుకోనంత చిన్నది. ట్రాన్స్‌ఫార్మర్ అయితే రెండో మెకానిక్ చెప్పిందే నిజం. ఆ తేడా తేల్చడానికి అయ్యే ఖర్చు ఒక బల్బు, ఒక హోల్డరు, ఒక సాయంత్రం. కాబట్టి ఇప్పుడే ఏమీ కొనకండి.

ఆ 'టిక్' ఎక్కడిదంటే, స్పీకర్లకు వెళ్లే దారిలో ఉండే రిలేది. స్విచ్ వేసిన వెంటనే లోపలి వోల్టేజీలు కుదురుకోవు. ఆ కుదుపు స్పీకరుకు తగలకుండా ప్రొటెక్షన్ సర్క్యూట్ కొన్ని సెకన్లు ఆగి, అవుట్‌పుట్‌లో డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, లేదని చూసుకుని, అప్పుడు రిలేను లాగుతుంది. డీసీ కనిపిస్తే లాగదు. అంటే ఇప్పుడు రెండే అవకాశాలు. కాపలావాడు నిజంగానే దొంగను చూసి తలుపు తీయడం లేదు, లేదా కాపలావాడికే జబ్బు చేసింది.

వాల్యూమ్ పెంచితే ఎడమ చానెల్ తిరిగి వచ్చేదన్నారు కదా, అది వేరే జబ్బు. రిలే కాంటాక్టుల మీద నల్లటి పొర పట్టినప్పుడు చిన్న సిగ్నల్ దాన్ని దాటలేదు, పెద్దది దూసుకుపోతుంది. పాత యాంపుల్లో ఇది అతి మామూలు లక్షణం. కాబట్టి మీ పెట్టెలో ఒకటి కాదు, రెండు లోపాలు ఉండవచ్చని ముందే అనుకోండి. ఒకటి సరిచేసి రెండోది కనిపించగానే 'నేనే ఏదో పాడుచేశాను' అని కంగారు పడరు.

మూత విప్పకముందే పైసా ఖర్చులేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. స్పీకరు తీగలు, ఇన్‌పుట్ తీగలు అన్నీ పీకేసి ఒకసారి స్విచ్ వేయండి. ఇప్పుడు టిక్ మంటే తప్పు యాంపులో లేదు. స్పీకరు తీగ చివర ఒక పోగు పక్క టెర్మినల్‌కి తగులుతూ ఉండవచ్చు. వెనకవైపు ముందు దశ సిగ్నల్ బయటికొచ్చే 'ప్రీ అవుట్', పవర్ దశలోకి వెళ్లే 'మెయిన్ ఇన్' మధ్య U ఆకారపు లోహపు జంపర్లు ఉంటే అవి ఊడలేదని, తుప్పు పట్టలేదని చూడండి. టేప్ మానిటర్ మీట నొక్కి ఉంటే రిలే మామూలుగానే టిక్ మంటుంది, పాట మాత్రం రాదు. తర్వాత ఈ చిక్కులో పడకుండా ఆ మీటను ఇప్పుడే నొక్కని స్థితిలో ఉంచండి. వోల్టేజీ సెలెక్టర్ ఉన్న మోడల్ అయితే అది మీ కరెంటుకు తగిన అంకె మీదే ఉందా? ఎవరైనా దుమ్ము తుడుస్తూ కదిపి ఉండవచ్చు.

ఇక లోపలికి. ప్లగ్గు పీకండి. ముందు ప్యానెల్ మీద స్విచ్ ఆపితే చాలదు, ఆ స్విచ్ కాళ్ల మీదా ఫ్యూజు హోల్డరు మీదా అప్పటికీ మెయిన్స్ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. 1,000 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను క్లిప్పులున్న తీగలతో ఒక్కో కెపాసిటర్ రెండు కాళ్లకూ తగిలించి నిమిషం పాటు ఉంచండి. 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఆ లోపు దాదాపు ఖాళీ అవుతుంది. మీటరుతో 1 వోల్టు కంటే తక్కువ ఉందని చూశాకే వేలు పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్పుమనిపించే అలవాటు కొందరికి ఉంటుంది. దానివల్ల కెపాసిటర్ కాళ్లు, బోర్డు మీది రాగి దారులు దెబ్బతింటాయి, మెరుపు కంట్లో పడుతుంది. ఆ పని చేయకండి.

ముందు కళ్లతో చూడండి. ఫ్యూజులు తీసి మీటరుతో చూడండి, గాజులోంచి బాగున్నట్టే కనిపించి తెగిపోయినవి ఉంటాయి. పైకి ఉబ్బిన లేదా కింద తడి చేసిన కెపాసిటర్లు, మసిబారిన రెసిస్టర్లు, పెద్ద భాగాల కాళ్ల చుట్టూ సన్నటి ఉంగరంలా పగిలిన టంకం, అంటే మెకానిక్‌లు డ్రై సోల్డర్ అనేది, ఇవన్నీ వెతకాలి. రిలే కాళ్లు, రెగ్యులేటర్ ట్రాన్సిస్టర్లు, సిమెంటు రెసిస్టర్లు వేడెక్కి చల్లారి వేడెక్కి అలా పగులుతాయి. ఇంకొకటి చాలామంది గమనించరు. కెపాసిటర్లు కదలకుండా ఫ్యాక్టరీలో పూసిన లేతరంగు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. అలా మారాక అది తేమ పీల్చి కరెంటును పారనిస్తుంది, పక్కనున్న కాళ్లను తినేస్తుంది. ప్రొటెక్షన్ సర్క్యూట్ దగ్గర అది ఉంటే చెక్క పుల్లతో గీకి పూర్తిగా తీసేయండి. పచ్చబడిన కాళ్లున్న భాగాలను మార్చండి.

ఇప్పుడు సీరీస్ బల్బు. మెయిన్స్ లైన్ తీగను తెంచి మధ్యలో ఒక ఫిలమెంట్ బల్బు హోల్డరు పెట్టి, ఆ వైపు నుంచి యాంపుకు సాకెట్ ఇస్తారు. మీ యాంపుకు 60 నుంచి 100 వాట్ల బల్బు సరిపోతుంది. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, వేడెక్కినప్పుడు రెసిస్టెన్స్ పెరిగే ఫిలమెంటే ఇక్కడ కావాలి. తీగ అతుకులు ఏవీ బయటికి కనబడకుండా పెట్టెలో బిగించండి. యాంప్ ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, ఒకటి రెండు సెకన్లలో మందగిస్తే లోపల పెద్ద షార్ట్ లేనట్టు. అలాగే ప్రకాశంగా వెలుగుతూ ఉండిపోతే షార్ట్ ఉంది, వెంటనే ఆపండి. బల్బు లేకుండా నేరుగా ప్లగ్గు పెట్టి ఉంటే ఆ వెలుగంతా కొత్తగా వేసిన ట్రాన్సిస్టర్లలో పొగగా వచ్చేది. ఒక హెచ్చరిక: బల్బు మీద ఉన్నంతసేపూ లోపలి వోల్టేజీలు కాస్త తగ్గే ఉంటాయి. ఆ తగ్గుదలకే రిలే లాగకపోవచ్చు. దాన్ని లోపం కింద లెక్కపెట్టొద్దు.

బల్బు మందగిస్తే మూడు కొలతలు తీయాలి. స్పీకర్లు తగిలించకండి. మీటరు నల్ల తీగను స్పీకరు టెర్మినళ్లలో నలుపుకు, అంటే గ్రౌండుకు క్లిప్పుతో పట్టించండి. ఎర్ర తీగను కూడా యాంప్ ఆపి ఉన్నప్పుడే క్లిప్పుతో తగిలించి, చేతులు వెనక్కి తీసి, అప్పుడు ఆన్ చేయండి. ఆన్‌లో ఉండగా ప్రోబ్ జారి ట్రాన్సిస్టర్ రెండు కాళ్లను కలిపితే, బాగున్న చానెల్ కూడా ఆ క్షణంలోనే పోతుంది. ఇంటి రిపేర్లలో కొత్త లోపాలు పుట్టేది ఎక్కువగా ఇలాగే.

మొదటి కొలత, ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గర. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. అంకె ఎంతైనా రెండూ దాదాపు సమానంగా ఉండాలి, ప్లస్ 38 ఉంటే మైనస్ 38కి దగ్గరగా. ఒకటి సున్నా అయితే ఆ వైపు ఫ్యూజు లేదా ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ చూడండి. ఈ ప్లస్, మైనస్ సప్లైలనే 'రైళ్లు' అంటారు. ఒక రైలు లేకపోతే అవుట్‌పుట్ రెండో రైలు వైపు ఒరిగిపోతుంది, కాపలావాడు తలుపు తీయడు, జనం అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చేస్తారు.

రెండోది అసలైన కొలత: రిలేకు ముందు అవుట్‌పుట్‌లో డీసీ ఎంత? ఒక్కో చానెల్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పక్కన రెండు తెల్లటి సిమెంటు రెసిస్టర్లు, 0.22 నుంచి 0.47 ఓమ్‌లవి, కనిపిస్తాయి. కొన్నింటిలో రెండూ ఒకే మూడు కాళ్ల దిమ్మలో ఉంటాయి. ఆ రెండూ కలిసే చోటే అవుట్‌పుట్. మీటరు డీసీ మీద పెట్టి రెండు చానెళ్లకూ చూడండి.

రెండింటిలోనూ 50 మిల్లీవోల్టుల లోపు వస్తే ఊపిరి పీల్చుకోండి, యాంప్ ఆరోగ్యంగా ఉంది. 100 దాటితే కారణం వెతకాలి గానీ అంతమాత్రానికి రిలే ఆగదు. అర వోల్టు దాటి ఒకటి రెండు వోల్టులుంటే ఇన్‌పుట్ దశలో జంట ట్రాన్సిస్టర్లో, అక్కడి చిన్న కెపాసిటరో లీకవుతోంది. రైలు వోల్టేజీకి దగ్గరగా, ముప్పై పైచిలుకు కనిపిస్తే ఆ చానెల్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందనే ఎక్కువగా అర్థం.

మూడోది రిలే కాయిల్ మీద వోల్టేజీ. ఈ తరం యాంపుల్లో 24 వోల్టుల కాయిల్ ఎక్కువగా కనిపిస్తుంది, అయినా రిలే మీద రాసిందే ప్రమాణం. కాయిల్‌కి పూర్తి వోల్టేజీ అందుతున్నా టిక్ అనకపోతే కాయిల్ తెగింది. వోల్టేజీ అందకపోతే, అదీ అవుట్‌పుట్‌లో డీసీ లేనప్పుడు, ప్రొటెక్షన్ సర్క్యూట్‌దే తప్పు.

మీ లక్షణాలను బట్టి నేను ముందుగా అనుమానించేది దీన్నే. చాలా జపాన్ యాంపుల్లో ఈ పని టీఏ 7317 లేదా యూపీసీ 1237 అనే చిన్న ఐసీ చేస్తుంది. కొన్నింటిలో నాలుగైదు ట్రాన్సిస్టర్లే చేస్తాయి. యూపీసీ 1237 అయితే ఎనిమిది కాళ్లు: రెండోది డీసీని కనిపెడుతుంది, నాలుగోది మెయిన్స్ పోయిందా అని చూస్తుంది, ఏడో కాలి దగ్గరి కెపాసిటర్ ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది, ఆరోది రిలేను లాగుతుంది. ఆ కెపాసిటర్ వయసు మీరి లీకైతే దాని వోల్టేజీ పైకి ఎక్కదు, రిలే ఎప్పటికీ లాగదు. ఈ చుట్టుపక్కల ఉండే మూడు నాలుగు చిన్న ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్లను అవే మైక్రోఫారడ్‌లతో, అంతే లేదా ఎక్కువ వోల్టేజీతో, 105 డిగ్రీల రకంతో మార్చండి. ఐసీని చివర మార్చండి, ముందు కాదు.

అదే చేత్తో రిలే కూడా కొత్తది వేయండి, మీ ఎడమ చానెల్ జబ్బు దానితోనే పోయే అవకాశం ఎక్కువ. చూడాల్సినవి మూడు: కాయిల్ వోల్టేజీ, రెండు చానెళ్లకు రెండు జతల కాంటాక్టులు, కాళ్ల అమరిక. కాళ్లు కలవకపోతే పొట్టి తీగలతో కలపవచ్చు, అందంగా ఉండదు, పనిచేస్తుంది. పాత రిలే మూత తీసి ఎమరీ కాగితంతో గీకే పద్ధతి మాత్రం వద్దు. కాంటాక్టు పైపూత పోతుంది, కొన్ని వారాలకే ఇంకా గట్టిగా నల్లబడుతుంది. కొత్తది దొరికేదాకా ఆగాలంటే కాంటాక్ట్ క్లీనర్‌లో తడిపిన మందపాటి తెల్ల కాగితం ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా లాగండి.

ఇక కష్టమైన దారి, ముప్పై వోల్టులు కనిపించిన సందర్భం. ఆ చానెల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు విప్పి మీటరు డయోడ్ రేంజిలో చూడండి. బేస్ నుంచి మిగతా రెండు కాళ్లకూ ఒక దిశలో 0.5, 0.6 చూపాలి, ఎదురు దిశలో ఏమీ చూపకూడదు. కలెక్టర్, ఎమిటర్ మధ్య ఏ దిశలోనైనా సున్నా వస్తే పోయింది. గుండ్రటి లోహపు టోపీలాంటి టీవో-3 రకంలో ఆ టోపీయే కలెక్టర్. ఒకటే పోయినా జత మొత్తం మార్చాలి. ఇక్కడితో ఆగిపోయేవాళ్లే మళ్లీ పొగ చూస్తారు. అవుట్‌పుట్ పోయేటప్పుడు ఒంటరిగా పోదు. దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, సిమెంటు రెసిస్టర్లు, బేస్ దారిలోని చిన్న రెసిస్టర్లు, వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కి అంటిపెట్టుకుని, బయాస్‌ను (పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటును) అదుపుచేసే ట్రాన్సిస్టర్, ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసి చూడాలి. రంగు మారకుండానే తెగిపోయిన రెసిస్టర్లు ఉంటాయి.

అసలు నంబరు ట్రాన్సిస్టర్లు ఇప్పుడు తయారు కావడం లేదు. అయినా ఆ నంబరుతో అమ్ముతుంటారు, వాటిలో చాలామటుకు చిన్న చిప్‌ మీద పెద్ద పేరు అచ్చేసిన నకిలీలే. పాత నంబరు కోసం వేటాడకుండా, ఇప్పటికీ తయారవుతున్న సమానమైన రకాన్ని అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనండి. టీవో-3 టోపీ రకానికి ఎంజే 21193, ఎంజే 21194 జత, టీవో-220 డ్రైవర్లకు ఎంజేఈ 15030, ఎంజేఈ 15031 జత చాలా పాత యాంపుల్లో ఒదుగుతాయి. పాతదాని వోల్టేజీ, కరెంటు, వాట్లు, వేగం డేటాషీట్లో పోల్చి చూడండి. మరీ వేగవంతమైనది వేస్తే యాంప్ చెవికి వినబడని పౌనఃపున్యంలో ఊగిసలాడి వేడెక్కుతుంది. చిన్న ట్రాన్సిస్టర్లకు కాళ్ల వరుస తప్పకుండా చూడండి. చదునువైపు నుంచి చూస్తే జపాన్‌వి ఎక్కువగా ఎమిటర్, కలెక్టర్, బేస్. అమెరికా 2ఎన్ రకం ఎమిటర్, బేస్, కలెక్టర్. యూరప్ బీసీ రకం కలెక్టర్, బేస్, ఎమిటర్.

బిగించేటప్పుడు మైకా రేకు కొత్తది, రెండువైపులా థర్మల్ పేస్టు పల్చగా. బిగించాక కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య మీటరు పెడితే కనెక్షన్ ఉండకూడదు. తర్వాత బయాస్. బయాస్ ప్రీసెట్‌ను, అంటే దాన్ని సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్‌ను, కొత్తదానితో మార్చడం తప్పనిసరి అనే నా అభిప్రాయం. పాతదానిలో తిరిగే ముల్లు ఒక్క క్షణం అతుకు వదిలితే చాలా డిజైన్లలో బయాస్ గరిష్ఠానికి ఎగబాకి, కొత్త ట్రాన్సిస్టర్లు పోతాయి. అతి తక్కువ బయాస్ వచ్చే వైపు తిప్పి ఉంచి, బల్బు మీద ఆన్ చేసి, డీసీ చూసుకుని, తర్వాత బల్బు తీసేసి, పది పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి సిమెంటు రెసిస్టర్ రెండు చివర్ల మధ్య వోల్టేజీ చూస్తూ మెల్లగా పెంచాలి. 0.47 ఓమ్ మీద 10 మిల్లీవోల్టులంటే సుమారు 21 మిల్లీయాంపులు. సర్వీస్ మాన్యువల్ చెప్పిన అంకె ఉంటే అదే పెట్టండి, లేకపోతే 20, 25 మిల్లీయాంపుల దగ్గర ఆగండి.

'కెపాసిటర్లన్నీ మార్చాలి' అన్న మాట సంగతి. వయసైన ఎలక్ట్రోలైటిక్‌లు ఎండిపోతాయన్నది నిజమే, కానీ ఒకేసారి నలభై యాభై మార్చితే ఎక్కడో ఒకటి తిరగబడుతుంది, ఎక్కడో రాగి దారి లేచిపోతుంది, పాత లోపం పక్కన కొత్తది చేరి ఏది ఏదో తెలియదు. ముందు యాంప్‌ను బతికించి, ఆ తర్వాత ఒక్కో బోర్డు మార్చి, ప్రతిసారీ ఆన్ చేసి చూసుకోవడం డబ్బుకూ మంచిది. వేడి రెసిస్టర్ల పక్కన ఉన్నవి ముందు, సిగ్నల్ దారిలోవి తర్వాత. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లను మాత్రం కొలవకుండా మార్చకండి, ఖర్చంతా వాటిదే. మీటరును ఏసీ రేంజిలో పెట్టి, పాట లేనప్పుడు వాటిమీద చూడండి. 100, 200 మిల్లీవోల్టుల లోపు ఉండి, ఉబ్బు, తడి లేకపోతే వాటిని కదపొద్దు. వోల్టు దాకా ఉండి, వాల్యూమ్ సున్నాలో కూడా స్పీకర్లలో బుర్రుమనే శబ్దం తగ్గకపోతే మార్చండి. రెట్టింపు విలువ వేస్తే బాస్ పెరుగుతుందని ఎవరైనా అంటే వినకండి. స్విచ్ వేసిన క్షణంలో రెక్టిఫయర్ మీదా పవర్ స్విచ్ మీదా భారం పెరుగుతుంది, అంతే.

రిపేరు ఆపేయాల్సిన చోట్లు మూడు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగిపోతే ఆగండి. కొన్నింటిలో చుట్టుపైన కాగితం కింద ఉష్ణ ఫ్యూజు ఉంటుంది, అది పోయిందేమో ఒకసారి చూడవచ్చు. మీ లైటు వెలుగుతోంది కాబట్టి ఈ భయం తక్కువే. రెండు, అవుట్‌పుట్ దశ మొత్తం ఎస్‌టీకే అని మొదలయ్యే నంబరున్న ఒకే నల్ల దిమ్మ అయి, అది పోయి ఉంటే. అసలైన దిమ్మలు దొరకడం కష్టం, నకిలీలు పూర్తి వోల్టేజీకి నిలబడవు. మూడు, బోర్డు మసిబారి బొగ్గయి ఉంటే, ఎందుకంటే బొగ్గు కరెంటును మోస్తుంది. ఇవేవీ కాకపోయినా డబ్బుకు ఒక గీత గీసుకోండి: ఇదే సైజులో పనిచేస్తున్న సెకండ్ హ్యాండ్ యాంప్ ధరలో సగం. విడిభాగాల లెక్క అది దాటితే మార్చడమే నయం.

మార్చేటప్పుడు వాట్ల అంకెలకు బెదరకండి. 40 వాట్ల నుంచి 20 వాట్లకు దిగితే గరిష్ఠ శబ్దంలో తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే, మామూలు గదిలో అది పెద్ద లోటు కాదు. అతి చవక దారి టీపీఏ 3116 చిప్ ఉన్న క్లాస్-డి బోర్డు, 24 వోల్టుల అడాప్టరుతో. 8 ఓమ్ స్పీకర్లకు ఇంట్లో ధారాళంగా సరిపోతుంది. దాంతో ఒక జాగ్రత్త ఉంది. దాని స్పీకరు నల్ల టెర్మినల్ గ్రౌండు కాదు, ఎడమ కుడి నలుపులను ఎక్కడా కలపకూడదు. రికార్డు ప్లేయరు వాడేవారైతే ఇంకో సంగతి కూడా: ఆ బోర్డులో ఫోనో దశ ఉండదు. కార్ట్రిడ్జి ఇచ్చే నాలుగైదు మిల్లీవోల్టులను పెంచి, ఆర్ఐఏఏ అనే రికార్డుల ప్రమాణం ప్రకారం సరిదిద్దే దశ విడిగా కావాలి.

అక్కడే మీ పాత పెట్టె మళ్లీ పనికొస్తుంది. పవర్ దశ చచ్చినా ముందు దశ బతికే ఉంటే, పవర్ బోర్డుకు వెళ్లే ప్లస్, మైనస్ రైళ్ల ఫ్యూజులు తీసేసి, 'ప్రీ అవుట్' నుంచి కొత్త బోర్డుకు తీగ లాగండి. ఆ ఫ్యూజులు తీశాక ప్రీ దశకు సప్లై ఇంకా అందుతోందో లేదో మీటరుతో చూసుకోవాలి, కొన్ని మోడళ్లలో రెండింటికీ ఒకే దారి. అందుతుంటే ఫోనో, టోన్ నాబ్‌లు, సెలెక్టర్ అన్నీ పాతవే. ప్రీ అవుట్ లేకపోతే టేప్ రికార్డు అవుట్ నుంచి తీసుకోవచ్చు, అప్పుడు వాల్యూమ్, టోన్ నాబ్‌లు పనిచేయవు, కొత్త బోర్డు వాల్యూమే వాడాలి.

రిపేరే ఫలిస్తే, మంచి స్పీకర్లు ఆ రోజే తగిలించకండి. పోయినా బాధలేని పాత స్పీకరుతో రెండు గంటలు నడిపి, మళ్లీ డీసీ కొలిచి, హీట్‌సింక్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉండాలి, చెయ్యి తీసేయాలనిపించకూడదు. ఒక చానెల్ వైపు చల్లగా, రెండోవైపు సలసలమంటే బయాస్ మళ్లీ చూడాలి. 8 ఓమ్ స్పీకర్లు రెండు జతలు ఏ, బీ రెండూ నొక్కి వాడితే యాంపుకు కనిపించేది 4 ఓమ్. వెనక ప్యానెల్ మీద రెండు జతలకు 8 నుంచి 16 ఓమ్ అని రాసి ఉంటే, అది ఒక్కో స్పీకరుకు కావలసిన కనీసం. మీవి 6 ఓమ్‌వి అయితే ఒక జతే వాడండి.